డిప్రెషన్‌కు మందులా, మాటల వైద్యమా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మకు డిప్రెషన్ అని తేలేసరికి ఏడాదిన్నర గడిచింది. అంతవరకు దాన్ని నీరసం అన్నాం, గ్యాస్ అన్నాం, వయసు అన్నాం. గుండె దడకు ఈసీజీ తీయించాం, తలనొప్పికి కళ్లజోడు మార్చాం. చివరికి ఒక సైకియాట్రిస్ట్ జబ్బు పేరు చెప్పాక ఇంట్లో కొత్త వాదన మొదలైంది. నాన్నేమో "ఆ మాత్రలు అలవాటైపోతాయి, ఎవరితోనైనా నాలుగు రోజులు మాట్లాడిస్తే చాలు" అన్నారు. మామయ్యేమో "మాటలతో జబ్బులు తగ్గుతాయా?" అన్నాడు. వాదన నెల రోజులు సాగింది. ఆ నెలంతా అమ్మకు మందూ లేదు, మాటా లేదు.

నేను డాక్టర్ని కాను. ఆ తర్వాత కొన్నేళ్లుగా అమ్మతో ఓపీలకు తిరుగుతూ, చదువుతూ, డాక్టర్లను అడుగుతూ తెలుసుకున్నవి ఇవి. బంధువులు, స్నేహితులు నన్ను మళ్లీమళ్లీ అడిగిన ప్రశ్నలనే ఇక్కడ పెట్టాను. మీ విషయంలో ఏం చేయాలో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

సూటిగా చెప్పండి, రెండింటిలో ఏది బాగా పనిచేస్తుంది?

జబ్బు ఎంత తీవ్రంగా ఉందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. తక్కువ స్థాయిలో ఉంటే ముందు మాటల వైద్యమే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలూ, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలూ చెబుతున్నాయి. అక్కడ మాత్రల వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. మధ్యస్థంగా ఉంటే రెండూ దాదాపు సమానం. తీవ్రంగా ఉంటే మందు కావాలి, దానికి మాటల వైద్యం కూడా తోడైతే ఫలితం ఇంకా బాగుంటుంది. రెండూ కలిపి ఇచ్చినప్పుడు ఏ ఒక్కదాని కన్నా మేలని చాలా అధ్యయనాల్లో తేలింది.

మందులు అసలు పనిచేయవనే వాళ్లకు ఒక మాట. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 522 ప్రయోగాలను, లక్షా 16 వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసిన పరిశీలన వచ్చింది. అందులో చూసిన 21 రకాల మందులూ ఉత్తుత్తి మాత్ర (పోల్చి చూడటానికి ఇచ్చే, మందు లేని మాత్ర) కన్నా మెరుగ్గానే పనిచేశాయి. ఆ మెరుగు మాత్రం సగటున ఓ మోస్తరుదే.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా తోచింది వైద్యం ఆపేశాక ఏమవుతుందన్నది. అమెరికాలో 2005లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో కోలుకున్న వాళ్లను ఏడాది పాటు గమనించారు. మందు ఆపేసిన వాళ్లలో నూటికి 76 మందికి జబ్బు తిరగబెట్టింది. థెరపీ, అంటే మాటల వైద్యం, ముగించిన వాళ్లలో 31 మందికే తిరగబెట్టింది. మందు కొనసాగించిన వాళ్లలో అది 47. మాత్ర ఆపిన కొన్నాళ్లకు దాని పని ఆగిపోతుంది. థెరపీలో నేర్చుకున్నది మాత్రం, ఈత నేర్చిన వాడికి ఈతలా, చాలామందిలో నిలిచిపోతుంది.

తక్కువో తీవ్రమో మాకెలా తెలుస్తుంది?

డాక్టర్లు తరచూ వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, ఓపిక, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడుగుతుంది. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌ని కలవాలి, 20 గానీ ఆపైన గానీ వస్తే తీవ్రం కిందే లెక్క.

మార్కుల కన్నా రోజువారీ పనులు బాగా చెబుతాయి. మనసు బాగోలేకపోయినా ఉద్యోగానికి వెళ్లొస్తున్నారా, వంట చేసుకుంటున్నారా? లేక స్నానం చేయడానికి కూడా లేవలేకపోతున్నారా, తిండి మానేశారా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండెల్లో బరువుతో కూర్చుంటున్నారా? "నేను అందర్నీ నాశనం చేశాను" వంటి లేనిపోని నమ్మకాలు, చెవిలో మాటలు వినిపించడం ఉంటే అది మాటలతో మొదలుపెట్టే దశ కాదు. వెంటనే సైకియాట్రిస్ట్ చూడాలి.

చచ్చిపోవాలనిపిస్తోంది. ఏ వైద్యం మొదలుపెట్టాలి?

ముందు ఈ రోజు, ఈ రాత్రి క్షేమంగా గడవాలి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 108, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ. ఇంట్లో వాళ్లు మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, ఎక్కువ మోతాదులో ఉన్న మాత్రలు ఇంట్లోంచి తీసేయండి, లేదా తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. మన పల్లెల్లో ఒక్క నిమిషం ఆవేశం ప్రాణం తీసేది ఆ డబ్బా చేతికి అందడం వల్లే.

"చచ్చిపోవాలని ఉందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. పుట్టదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆగేవాళ్లు కూడా ఉన్నారు. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి వైద్యం అందించాలి, శిక్షించకూడదు.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడమేగా? అది మేమూ చెబుతున్నాం.

ఈ ప్రశ్న నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగింది మా నాన్నే. "నీకేం తక్కువ? పిల్లలు సెటిలయ్యారు, ఇల్లుంది" అని ఆయన అమ్మకు రోజూ చెప్పేవారు. ప్రేమతోనే చెప్పేవారు. అమ్మకు మాత్రం అది "ఇన్ని ఉండి కూడా ఏడుస్తున్నావు" అన్నట్టు వినిపించేది, ఇంకా కుంగిపోయేది.

థెరపిస్ట్ చేసే పని అది కాదు. ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ 1960ల్లో ఒకటి గమనించారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి మనసులో కొన్ని ఆలోచనలు వాటంతటవే, కళ్లు మూసి తెరిచేలోగా, వచ్చి పోతుంటాయి. మనిషి వాటిని పరీక్షించకుండానే నమ్మేస్తాడు. అమ్మ ఉదాహరణే చెబుతాను. చెల్లి ఫోన్ ఎత్తలేదు. ఆ మరుక్షణం అమ్మకు వచ్చిన ఆలోచన "నేను దానికి భారమైపోయాను". ఇక రోజంతా మంచం మీదే. థెరపిస్ట్ అమ్మతో ఒక నోటుబుక్కు కొనిపించారు. ఏం జరిగింది, ఏమనుకున్నాను, అలా అనుకోవడానికి ఆధారమేమిటి, వేరే కారణం ఉండొచ్చా అని నాలుగు గడులు గీయించారు. చెల్లి ఆ వేళ మీటింగ్‌లో ఉంది. అది అమ్మకు తెలియని సంగతేం కాదు, ఆ క్షణంలో గుర్తురాలేదంతే. కొన్ని వారాలకు నోటుబుక్కు లేకుండానే తనను తాను అడగడం మొదలుపెట్టింది. దీన్నే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. వారానికొకటి చొప్పున సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు. హోంవర్క్ ఉంటుంది. మాట్లాడి రావడం సగం పనే, మిగతా సగం ఇంటి దగ్గర జరగాలి.

ఇంతకన్నా సులువైన పద్ధతి ఇంకొకటుంది. డిప్రెషన్‌లో మనిషి ఒక్కో పనీ మానుకుంటూ పోతాడు, పనులు మానే కొద్దీ మనసు ఇంకా కుంగుతుంది. ఈ చక్రాన్ని పని వైపు నుంచి ఆపడమే ఆ పద్ధతి. "మనసు బాగయ్యాక గుడికి వెళ్తాను" అనకుండా, మనసు ఎలా ఉన్నా సాయంత్రం ఐదింటికి గుడిదాకా నడవడం. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో విక్రమ్ పటేల్ అనే సైకియాట్రిస్ట్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించింది. వైద్యం చదవని స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేయించారు. వాళ్లు తీసుకున్నవి మామూలు కేసులు కావు, మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవే. 2017లో వచ్చిన ఫలితాల్లో, మూడు నెలలకు ఈ సెషన్లు అందిన వాళ్లలో నూటికి 64 మంది కోలుకున్నారు, అందని వాళ్లలో 39 మంది. "మాటల వైద్యం సిటీల్లో డబ్బున్న వాళ్లకే" అనేవాళ్లకు నేను ఈ గోవా సంగతే చెబుతాను.

భర్తను పోగొట్టుకోవడం, అత్తింట్లో గొడవలు, రిటైర్మెంట్ లాంటి వాటి తర్వాత మొదలైన డిప్రెషన్‌కు మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే థెరపీ వేరే ఉంది, ఐపీటీ అంటారు. దానికీ మంచి ఆధారాలున్నాయి.

మందులు మెదడులో ఏం చేస్తాయి?

"సెరటోనిన్ తగ్గింది, మాత్రతో నింపుతున్నాం" అని చెప్పడం తేలిక, కానీ అసలు సంగతి అంత సూటిగా లేదు. సెరటోనిన్ అంటే మెదడులో నరాల కణాల మధ్య సందేశాలు మోసే ఒక రసాయనం. ఈ మందులు మొదట దొరికిందే అనుకోకుండా. 1950ల్లో న్యూయార్క్‌లో క్షయ రోగులకు ఒక కొత్త మందు ఇస్తుంటే, ఊపిరితిత్తుల సంగతి అటుంచి, వాళ్లలో హుషారు పెరగడం డాక్టర్ల కంటపడింది. ఇప్పుడు ఎక్కువగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి నరాల కణాల మధ్య సెరటోనిన్‌ను ఎక్కువసేపు ఉండనిస్తాయి. ఆ మార్పు గంటల్లోనే జరిగినా మనసు తేలికపడటానికి వారాలు పడుతుంది. ఈ మధ్యలో మెదడు తనను తాను నెమ్మదిగా సర్దుకుంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

పది రోజులు వేసుకున్నా తేడా లేదు. ఆపేయనా?

వద్దు. ఈ మందుల్లో ఉన్న చిక్కే ఇది, ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెదరడం, కొందరికి కంగారు పెరగడం ఉంటాయి. చాలామందిలో అవి తగ్గిపోతాయి. మేలు కనబడటం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలవుతుంది. సరైన మోతాదులో ఆరు వారాలైనా చూడకుండా "ఇది పనిచేయలేదు" అనలేం. లైంగిక ఆసక్తి తగ్గడం మాత్రం కొందరిలో ఉండిపోతుంది. మనవాళ్లు సిగ్గుపడి ఈ సంగతి డాక్టర్‌కు చెప్పరు, చెప్పకుండా మందు ఆపేస్తారు. చెబితే మందు మార్చొచ్చు.

మొదటి మందుకే పూర్తిగా కోలుకునేది సుమారు ముగ్గురిలో ఒకరు. అమెరికాలో దాదాపు 4,000 మందితో చేసిన స్టార్‌డీ అనే అధ్యయనంలో ఇది బయటపడింది. అంటే మొదటి మందు పడకపోవడం మామూలు విషయం, డాక్టర్ తప్పు కాదు, రోగి తప్పు కాదు. థెరపీ కూడా అంతే. ఆరేడు సెషన్లయినా కదలిక లేకపోతే, లేదా ఆ మనిషి ముందు నోరు విప్పబుద్ధి కాకపోతే, ఆ మాట ఆయనతోనే చెప్పి వేరే వాళ్లను చూసుకోవచ్చు.

మాత్రలకు అలవాటు పడిపోతామా?

ఇది కొంత ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ భయం వెనుక ఒక నిజం ఉంది, ఒక పొరపాటు ఉంది.

డిప్రెషన్‌కు ఇచ్చే అసలు మందులకు మద్యంలాగా, నిద్రమాత్రల్లాగా వ్యసనం ఉండదు. రోజురోజుకూ మోతాదు పెంచుకోవాలనిపించదు, అది లేకపోతే చేయి వణికి షాపుకు పరిగెత్తాలనిపించదు. కానీ ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం కొందరికి వస్తాయి. అందుకే వారాల తరబడి, ఎక్కువకాలం వాడిన వాళ్లకు నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి.

నిజంగా అలవాటయ్యేవి వేరే ఉన్నాయి. క్లోనజెపామ్, ఆల్‌ప్రజోలామ్ లాంటివి. కంగారు తగ్గించడానికి, నిద్ర పట్టడానికి మొదటి రెండు మూడు వారాలు ఇస్తుంటారు. అంతవరకు మంచిదే. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిపిన మాత్ర బాగా చలామణిలో ఉంది. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అదే మాత్ర నెలలు, ఏళ్లు కొనుక్కునే వాళ్లు నాకు తెలుసు. వాళ్లు అలవాటుపడింది డిప్రెషన్ మందుకు కాదు, దాంతో కలిసి ఉన్న రెండో దానికి. ఒకసారి మీ స్ట్రిప్ వెనక్కి తిప్పి పేర్లు చదవండి. రెండు పేర్లుంటే ఎన్నాళ్లు వాడాలో డాక్టర్‌ని అడగండి. క్లోనజెపామ్ కూడా ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

బాగానే ఉన్నాను కదా, ఇక ఆపొచ్చా?

అమ్మ మూడో నెలలో ఆపేసింది, మాకెవరికీ చెప్పకుండా. "తగ్గాక కూడా మందేమిటి?" అనుకుంది. సంక్రాంతికి పిల్లలందరం వచ్చాం, బాగానే నవ్వింది. ఫిబ్రవరి కల్లా మళ్లీ మంచం పట్టింది.

పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు కొనసాగించాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఇది రెండోసారో మూడోసారో వచ్చినవాళ్లకు రెండేళ్లు, అంతకు పైన కూడా చెబుతారు. ఆపే రోజుల్లో థెరపీ జోడిస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. రెండోసారి అమ్మకు డాక్టర్ అలాగే చేశారు, మందుతో లేచి నిలబడ్డాక సీబీటీకి పంపారు. మొదట్లోనే పంపి ఉంటే ఆమె ఆ నోటుబుక్కు తెరిచే స్థితిలో కూడా లేదు. ఏది ఎప్పుడు అన్న ప్రశ్న, ఏది గొప్ప అన్న ప్రశ్న కన్నా ఎంత అవసరమో నాకు అప్పుడే అర్థమైంది.

సైకియాట్రిస్టా, సైకాలజిస్టా? ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చేసి, ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టర్. మందు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ థెరపీ చేస్తారు, మందు రాయరు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబరు అడగడం తప్పేమీ కాదు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఏదో చిన్న కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టుకుంటున్నారు, ఏం చదివారో అడిగి వెళ్లండి.

జబ్బు మధ్యస్థం దాటిందనిపిస్తే ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లమంటాను. కారణం ఒకటుంది. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, బీ12 లోపం అచ్చం డిప్రెషన్‌లా కనిపిస్తాయి. స్టెరాయిడ్ల లాంటి మందుల వల్ల కూడా మనసు కుంగొచ్చు. వాటిని పట్టుకోవాలంటే రక్తపరీక్ష రాసే డాక్టర్ కావాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే "నరాల బలం" ఇంజక్షన్‌తో మాత్రం కాలం గడపకండి.

మా ఊళ్లో ఎవరూ లేరు. హైదరాబాద్ వెళ్లి వారం వారం ఫీజు కట్టలేం.

ఇది సాకు కాదు, నిజమైన కష్టం. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదని తేలింది. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మనవి లేవు కానీ, మన ఊళ్లు చూస్తే పెద్ద తేడా ఉంటుందనుకోను.

ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో కూడా చూస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం చినవాల్తేరు ఆసుపత్రుల పేర్లను మనం తిట్లుగా వాడుకున్నాం, అందుకే అక్కడికి వెళ్లడానికి జనం సిగ్గుపడతారు. అక్కడి ఓపీలో మీ పక్కన కూర్చునేది నిద్ర పట్టని టీచరు, పరీక్ష పోయిన కుర్రాడు, బాలింత. ఖర్చు సంగతికొస్తే, ఎస్సిటాలోప్రామ్ లాంటి పాత మందులు జన్ ఔషధి దుకాణంలో బాగా చవక. థెరపీ మాత్రం ప్రైవేటులో సెషన్‌కు తరచూ వెయ్యి రూపాయలు దాటుతుంది. మందు అందుబాటులో ఉండి థెరపీ లేకపోతే, మందుతోనే మొదలుపెట్టండి. రెండోది దొరికేదాకా మొదటిదాన్ని ఆపొద్దు. 14416 వాళ్లు కూడా మాట్లాడతారు, అవసరమైతే దగ్గర్లోని డాక్టర్ దగ్గరికి పంపుతారు.

థెరపీ ఆన్‌లైన్‌లో తీసుకున్నా ఫలితం బాగానే ఉంటుంది. కానీ తెలుగులో మాట్లాడే మనిషినే వెతుక్కోండి. "కడుపులో దేవినట్టుంది" అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేలోపు ఏడుపు ఆగిపోతుంది, చెప్పాల్సింది మిగిలిపోతుంది.

పూజలు, యోగా, వాకింగ్ సరిపోవా?

నడకకు, వ్యాయామానికి మంచి ఆధారాలున్నాయి. గుడి, భజన మనుషుల మధ్యకు తీసుకొస్తాయి, అదీ మంచిదే. వైద్యంతో పాటు చేయండి. తిండి మానేసిన మనిషిని "రోజూ ధ్యానం చెయ్యి" అని వదిలేయకండి.

మందుల విషయంలో ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

25 ఏళ్ల లోపు వాళ్లలో, మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి చావు ఆలోచనలు పెరగొచ్చు. ఇంట్లో వాళ్లు కనిపెట్టుకుని ఉండాలి, వారం రెండు వారాల్లో డాక్టర్‌కు మళ్లీ చూపించాలి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి అతి హుషారు, అతి ఖర్చులు, అతి మాటలు ఉండి ఉంటే తప్పకుండా చెప్పండి. అది బైపోలార్ (కుంగుబాటు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు) కావొచ్చు. అలాంటి వాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ అతి హుషారు తిరిగి రావొచ్చు. వయసు మళ్లిన వాళ్లలో రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు, రక్తం పల్చబడే మందులు, ట్రమడాల్ వాడుతుంటే ఆ సంగతి దాచకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు భయంతో సొంతంగా ఆపేస్తారు. ఆపకముందు డాక్టర్‌ని అడగండి. పాలిచ్చే తల్లులకు సెర్ట్రలిన్ లాంటివి తరచూ ఇస్తుంటారు. తల్లి డిప్రెషన్‌ను వైద్యం లేకుండా వదిలేస్తే బిడ్డకూ మంచిది కాదు. ఇక్కడ తీవ్రత తక్కువైతే థెరపీకే మొదటి చోటు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం, హోమియో సహా. పాత రక్తపరీక్షల కాగితాలు. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, బరువు తగ్గారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, మద్యం తాగే అలవాటు ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే లోపలికి వెళ్లాక సగం మర్చిపోతాం. తోడు ఒకరు వెళ్లండి, కానీ కాసేపు పేషెంట్‌ని డాక్టర్‌తో ఒంటరిగా వదిలి బయట కూర్చోండి. మేం మొదటిసారి వదల్లేదు. అమ్మను ఏం అడిగినా నాన్నే జవాబు చెప్పారు. రెండోసారి ఆమె ఒక్కతే లోపలికి వెళ్లి, ముప్పావు గంట తర్వాత బయటికొచ్చింది.